గొంగళ్ళ సావిట్లో ద్వాలి

పాలకీడు అవతల గుట్టల వెనకున్న లంబాడీ తండాలో గుడిసెలు కొన్నే. జొన్నచేలు, ఆవులు, ఎండాకాలం కట్టెలు కొట్టి మోపులు కట్టి మిర్యాలగూడెం తీసుకుపోయి అమ్ముకోవడం, అంతే వాళ్ళ బతుకు. ద్వాలి అక్కడే పుట్టింది. ఆమె పసితనంలోనే తండ్రి హన్మా చలిజ్వరంతో పోయాడు. తల్లి గౌరీబాయి ఒంటిచేత్తో ఇద్దరు పిల్లల్ని సాకింది. పెద్దవాడు సక్రు, చిన్నది ద్వాలి.

1948 ఎండాకాలంలో తండా కాలిపోయింది. రజాకార్ల పేరు చెబితే ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అవుతున్న రోజులవి. అంతకు కొన్ని నెలల ముందే సక్రు కమ్యూనిస్టు దళంవాళ్ళకు గుట్టల్లో దారి చూపిస్తానని పోయి మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు. దళానికి ఈ తండా జొన్నరొట్టెలు మోస్తోందని ఎవరో రజాకార్లకు చేరవేశారు. పట్టపగలు గుర్రాల మీద వచ్చారు. మగవాళ్ళు గుట్టలెక్కేశారు. ఆడవాళ్ళనూ పిల్లల్నీ బయటికి తోలి గుడిసెలకు నిప్పంటించారు. గౌరీబాయి దూడ లోపలే ఉందని అరిచి వెనక్కి ఉరికింది. దూడ తాడు తెంచుకుని బయటపడింది. దాని వెనక గౌరీబాయి కూడా వచ్చింది, కానీ ఒంటి మీద బట్ట కాలుతూ వచ్చింది. తర్వాత ఆమె ఎక్కువ రోజులు బతకలేదు. వేపచెట్టు కింద పడుకోబెట్టి ఆకులతో విసురుతూ కూర్చున్న కూతురిని చూసి, "యాడి ఉన్నది గదనే, ఎందుకు ఏడుస్తవ్" అనేది. యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ. ఆ మాట అనేవాళ్ళు లేకుండా పోయేసరికి తండాలో మిగిలిన వాళ్ళంతా తలా ఒక దిక్కు వెళ్ళిపోయి ఉన్నారు. కొందరు కృష్ణ దాటారు, కొందరు దామరచర్ల వైపు చుట్టాల దగ్గరికి పోయారు. ద్వాలి కట్టెలమోపులతో నడిచిన దారి తెలుసు కాబట్టి మిర్యాలగూడెం నడిచింది. అప్పుడు ఆమెకు పదహారో పదిహేడో ఉంటాయి.

అక్కడ ఒక పల్లీల వర్తకుడి ఇంట్లో పనికి కుదిరింది. యజమానురాలు మొదటిరోజే ఆమె అద్దాల లంగా వైపు చూసి, "ఇది ఇప్పేయ్. తండా పిల్లను పెట్టుకున్నమని తెలిస్తే మా ఇల్లు కూడా సోదా చేస్తరు. ఎవరన్న అడిగితే పేరు దుర్గమ్మ అని చెప్పు" అంది. ద్వాలి పాత చీర కట్టుకుంది, దుర్గమ్మ అయింది. లంగా, రవిక మూట కట్టి గడ్డివాములో దోపింది. తర్వాత చూస్తే మూట లేదు. మిలిటరీ వచ్చింది, నైజాము రాజ్యం పోయిందని బజార్లో జనం బాణసంచా కాల్చిన రోజున ఆమె పెరట్లో డేగిసాలు తోముతూ ఉంది. అన్న ఇక వస్తాడని ఆ రోజు అనుకుంది. అన్న రాలేదు.

ఆ ఇంట్లో ఆమెకు పడుకోవడానికి గింజల కొట్టు పక్కన ఒక గది ఇచ్చారు. దానికి గడియ బయట ఉండేది, లోపల లేదు. యజమానురాలి మరిది కొన్నాళ్ళు ఆ గది ముందు నుంచి ఊరికే నడిచాడు. తర్వాత ఆగడం మొదలుపెట్టాడు. ఒకసారి లోపలికి వచ్చి చెయ్యి పట్టుకుంటే ద్వాలి చేతిలో ఉన్న చాటతో అతని ముఖం మీద కొట్టింది. మర్నాడు యజమానురాలు అడిగింది మరిది ముఖం మీద గీత గురించే. "మాకు పరేషాన్ వద్దు, నువ్వు పో" అంది. తలుపు వేసుకుంది.

సూర్యాపేట పోయే పల్లీల బండి వెనక నడిచి ద్వాలి ఆ ఊరు చేరింది. ఆమె లాంటి వాళ్ళు అక్కడి ధాన్యం గంజ్‌లో చాలామంది ఉన్నారు. బస్తాలు దించేటప్పుడు కింద పడ్డ గింజలు ఊడ్చుకుని, మట్టి చెరిగి, ఉడకబెట్టుకుని తినేవాళ్ళు. పగలు పర్వాలేదు. గంజ్ మూసే వేళకు జవాను కర్ర పట్టుకుని వచ్చి అందర్నీ తోలేవాడు. తోలిన వాళ్ళు ఎక్కడికి పోతారో అతనికి అక్కర్లేదు. బండ్ల కింద, దుకాణాల అరుగుల మీద, ఎక్కడ వీలైతే అక్కడ వాలిపోయేవాళ్ళు. ద్వాలి ఒక గోనెసంచి సంపాదించుకుంది. అందులో దూరి, మూతి బిగించి పట్టుకుని పడుకునేది. ఎవరైనా ముట్టుకుంటే చాలు, లేచి పరుగెత్తేది. అలా పరుగెత్తడం అలవాటై, నిద్రలో కూడా కాళ్ళు ఊరికే ఉండేవి కావు. పేరు అడిగితే ఒకసారి దుర్గమ్మ, ఒకసారి లక్ష్మమ్మ అని చెప్పేది. కొన్నాళ్ళకు అడిగేవాళ్ళు కూడా లేరు.

చలి ముదిరిన రోజుల్లో అంగడికి గొంగళ్ళు అమ్మడానికి కోదాడ నుంచి వీరమ్మ వచ్చింది.

వీరమ్మ కురుమల ఆడది. బలమైన మనిషి, గొంతు ఇంకా బలం. భర్త చనిపోయాక ఆయన అన్న బీరన్నతో కలిసి గొంగళ్ళ మగ్గాలు నడుపుతోంది. ఆ పొద్దున బండిలోంచి గొంగళ్ళ కట్ట దించబోతే బండి కింద గోనెసంచి కదిలింది. సంచిలోంచి తల బయటికి వచ్చింది.

"ఎవరి పిల్లవే?" అంది వీరమ్మ.

"ఎవరి పిల్లను కాదు."

"ఎవరి పిల్లవీ కాకుండ భూమిల నుంచి మొలిచినవా? గొర్రెబొచ్చుల పల్లేరుకాయలు ఏరనొస్తదా నీకు?"

ద్వాలి లేచి సంచి మడుచుకుని పోబోయింది.

"మా కోదాడల సావిడి ఉంది. నీ అసోంటి పిల్లలు ముగ్గురు నలుగురున్నరు. పని నేర్పుతం, తిండి పెడతం. వస్తే రా, లేకుంటే లేదు. బలవంతం ఏం లేదు" అని వీరమ్మ తన బేరంలో పడిపోయింది.

పని, తిండి అనే మాటలు ద్వాలి ఇంతకు ముందు విని ఉంది. మధ్యాహ్నం దాకా దూరంగా నిలబడి చూసింది. వీరమ్మ అమ్మేటప్పుడు తిట్టింది, బీరన్న మీద అరిచింది, ఎడ్లకు నీళ్ళు పెట్టింది, తన సద్దిమూట విప్పి తిన్నది. ద్వాలి వైపు మళ్ళీ చూడలేదు. బండి కట్టి బయల్దేరింది. బండి గంజ్ దాటి కోదాడ బాట పట్టాక, ద్వాలి వెనక నడవడం మొదలుపెట్టింది. బీరన్న వెనక్కి చూసి, "పిల్ల వస్తంది. ఎక్కించుకుందామా?" అన్నాడు.

"ఎక్కదు. నడవనియ్. జర మెల్లగ తోలు" అంది వీరమ్మ.

మునగాల దాటేదాకా ద్వాలి నడిచింది. తర్వాత కాళ్ళు పగిలి రక్తం వస్తుంటే బండి వెనక చెక్క మీద, దూకడానికి వీలుగా కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చుంది.

ఆ సావిడి ఒకప్పుడు బొచ్చు నిలవ చేసుకునే పొడుగాటి పెంకుటిల్లు. వీరమ్మ దానిని మట్టిగోడలతో చిన్న చిన్న గదులుగా విడగొట్టించింది. ప్రతి గదికీ తలుపు పెట్టించింది. ద్వాలి ఆ తలుపు ముందు నిలబడి లోపలికి పోకుండా చూస్తుంటే వీరమ్మకు అర్థమైంది. తలుపు లాగి చూపించింది.

"చూడు. గడియ లోపలనే ఉంటది. బయట లేదు. నువ్వు ఏసుకుంటే నేను కూడ రాలేను."

అయినా ద్వాలి మొదటి పదిహేను రోజులు గదిలో పడుకోలేదు. గొర్రెలదొడ్డి పక్కన గోనెసంచిలోనే పడుకుంది. వీరమ్మ పిలవలేదు. పొద్దున అంబలి గిన్నె మాత్రం అక్కడికే తెచ్చి పెట్టేది. ఒకనాడు వాన తుంపర పడింది. గొర్రెలన్నీ ఒక మూలకు ఒరిగి ఆమెను తొక్కబోయాయి. ద్వాలి లేచి గదిలోకి పోయి గడియ వేసుకుంది. మర్నాడు ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

సావిడి పద్ధతి వీరమ్మ అందరికీ ఒకే రకంగా చెప్పేది. "కొత్తగ వచ్చినోళ్ళు నా కుండల తినాలె. చెయ్యి తిరిగినంక మీ గది ముందు మీ పొయ్యి మీరే పెట్టుకోవాలె. ఆ తర్వాత ఊళ్ళె గుడిసె చూసుకుని పోవాలె. పోయినంక కూడ నేను వచ్చి చూస్త, పొయ్యి వెలుగుతుందా లేదా అని. గీడ ఉండుడంటే ఊకె పండుడు కాదు, జీవితమంతా నా కొంగు పట్టుకునుడు కూడ కాదు."

అంత గొంతేసుకుని చెప్పే మనిషి ఈ పని ఎందుకు మొదలుపెట్టిందో ద్వాలికి బీరన్న చెప్పాడు. వీరమ్మకు వెంకన్న అని ఒక్కడే కొడుకు. రెండేళ్ళ కిందట గొర్రెల విషయంలో తల్లితో మాటామాటా పెరిగి ఇల్లు వదిలి పోయాడు. పని దొరకలేదు, తిరిగి రావడానికి రోషం అడ్డమొచ్చింది. సూర్యాపేటలో బస్సులు ఆగే చోట ఒక అరుగు మీద జ్వరంతో పడివుండి, అలాగే పోయాడు. వీరమ్మ పోయేసరికి ఊరివాళ్ళు మన్ను చేసేశారు. అరుగు పక్క దుకాణంవాణ్ణి వీరమ్మ అడిగిందట, మా వాడు ఏమన్నా మాట్లాడిండా అని. "రోజూ చూసిన గని ఎవరో ఏమో అని అడగలేదమ్మా" అన్నాడట అతను. ఆ సంగతి చెప్పి బీరన్న మగ్గం గుంటలోకి దిగిపోయాడు.

ద్వాలి ఆ సాయంత్రం వీరమ్మ దగ్గరికి పోయి, "నా పేరు దుర్గమ్మ కాదు. ద్వాలి. మాది తండా" అంది.

"తెలుసు. నిద్దట్ల మీ భాషనే మాట్లాడతవ్" అంది వీరమ్మ. "ఆ బొచ్చు నానబెట్టు."

బొచ్చులో పల్లేరుకాయలు ఏరడం, వాగులో కడగడం, కదురు మీద వడకడం ద్వాలికి తొందరగానే వచ్చింది. అన్నిటికంటే అంచు కుట్టడం బాగా వచ్చింది. తండాలో తల్లి దగ్గర నేర్చిన కుట్టే అది, అద్దాలు లేవు అంతే. సావిట్లో ఆమె పక్క గది ఫకీరాది. దూదేకుల పిల్లగాడు, ఆమె కంటే రెండు మూడేళ్ళు పెద్ద. మిలిటరీ వచ్చిన తర్వాత ముసల్మానులని ఊళ్ళో జనం అతని ఇంటి మీద పడ్డారు. అమ్మానాన్నా అతన్ని ఒక దిక్కు పంపి వాళ్ళు ఒక దిక్కు పోయారు, ఇప్పటికీ జాడ లేదు. అతని వైపు వాళ్ళని చెప్పుకున్నవాళ్ళే ద్వాలి తండా కాల్చారు, ఆమె వైపు వాళ్ళని చెప్పుకున్నవాళ్ళే అతని ఇల్లు కాల్చారు. మొదట్లో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. అతను విల్లుతో బొచ్చు ఏకుతుంటే ఆమె ఏరిన బొచ్చు అతని ముందు పెట్టి మాట్లాడకుండా వచ్చేసేది. ఒకరోజు అతను ఏకడం ఆపి, "ఒక్క ముల్లు కూడ వదలవు నువ్వు. వేళ్ళు నొప్పి పుట్టవా?" అని అడిగాడు. "పుడతయి" అంది ద్వాలి. వాళ్ళ స్నేహం అలా మొదలైంది.

ఎండలు ముదిరేసరికి ద్వాలి గది ముందు తన పొయ్యి తాను పెట్టుకుంది. మొదటిసారి జొన్నరొట్టె చేసి, అది చల్లారిపోయేదాకా ముందు పెట్టుకుని కూర్చుంది. తినమని ఫకీరా అంటే, "మా యాడి చేసినట్టు రాలేదు" అంది.

ఆ రోజుల్లోనే జమేదారు ఒకడు సావిడికి వచ్చాడు. యూనియన్ పోలీసులు దళంవాళ్ళ కోసం గుట్టలూ తండాలూ గాలిస్తున్నారు. అతను గదులన్నీ చూసి, పిల్లలందర్నీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి ఊరు అడిగాడు. పోయేముందు వీరమ్మతో, "నువ్వు మంచి పనే చేస్తున్నవ్ అమ్మా. కాని ఇక్కడ ఒక్కడు దాక్కున్నడని తెలిసినా సావిడికి తాళం వేస్త. ఈ పిల్లలందరూ మళ్ళా రోడ్డు మీదికే" అన్నాడు.

వీరమ్మ ఆ సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "ఎవరు ఎవరి మనుషులో నేను అడగ. కాని పోలీసోళ్ళు వెతికేటోళ్ళను గీడికి తేవద్దు. తెస్తే అందరం మునుగుతం."

వానలు పడబోయే ముందు, ద్వాలి వాగులో బొచ్చు కడుగుతుంటే తుంగ వెనక నుంచి ఎవరో పిలిచారు.

"ద్వాలీ."

గడ్డం పెరిగి, బుగ్గలు లోపలికి పోయి, కర్ర మీద ఆనుకున్న మనిషి. గొంతు విన్నాకే ఆమె అన్నను గుర్తుపట్టింది. "భియా!" అని నీళ్ళలోంచి ఉరికింది. సక్రు ఎడమకాలు మోకాలి దాకా ఉబ్బి ఉంది. రాళ్ళ మధ్య పడ్డప్పుడు తెగిన గాయం చీము పట్టింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

"యాడి ఏది?" అన్నాడు.

అతనికి తెలియదు. ద్వాలి చెప్పింది. సక్రు ఏడవలేదు. చాలాసేపు వాగు వైపు చూసి, "దళం చెదిరిపోయింది. నాకు పోనీకి జాగా లేదు. నువ్వు గీడ ఒక ఇంట్ల ఉంటున్నవని అంగట్ల మన మనిషి ఒకడు చెప్పిండు. కాలు మానేదాక పండుకుంట, అంతే" అన్నాడు.

ద్వాలి అతన్ని తుంగలో కూర్చోబెట్టి సావిడికి పరుగెత్తింది. వీరమ్మ అంతా విని, చేతిలో కదురు కింద పెట్టింది.

"లేదు బిడ్డా."

"మా అన్న. చచ్చిపోతడు."

"మీ అన్నే. కాదంటలేను. సూర్యాపేట దవాఖానకు బండి కట్టిస్త, ఇప్పుడే కట్టిస్త. కాని సావిట్ల పెట్టలేను."

"దవాఖానల పేరడుగుతరు. పట్టుకుంటరు."

"పట్టుకుంటరు" అంది వీరమ్మ. "బతికిస్తరు కూడ."

"నీ కొడుకైతే పెట్టుకోవా?"

వీరమ్మ మాట మారలేదు. "నా కొడుకైనా అంతే. లోపల ఇంకో నలుగురున్నరు, వాళ్ళకు నేనే తల్లిని." కదురు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "నీ గది నీదే" అంది.

ద్వాలి తన గొంగడి, రొట్టెల పిండి తీసుకుని వెళ్ళిపోయింది. ఊరి అవతల వాడకుండా వదిలేసిన ఇటుకబట్టీ ఉంది. అన్నను దానిలో పడుకోబెట్టింది. ఇల్లు అలవాటైన ఒళ్ళు కాబట్టి ఈసారి నేల ఇంకా గట్టిగా తగిలింది. పసరు నూరి కట్టింది, వేడినీళ్ళతో కడిగింది. జ్వరం తగ్గలేదు. వానలు మొదలయ్యాయి. బట్టీకి మూడు వైపులే గోడ, నాలుగో వైపు నుంచి జల్లు లోపలిదాకా వచ్చేది. సక్రు కాసేపు తెలివిగా మాట్లాడేవాడు, కాసేపు తల్లిని పిలిచేవాడు. కాలు నల్లబడుతూ వచ్చింది, దగ్గరికి పోతే వాసన. ఒక పొద్దున అతను చెల్లెల్ని చూసి, "యాడీ, దూడను విప్పినవా?" అన్నాడు. దూడ సంగతి ఆమె చెప్పిందే. జ్వరంలో అతను దాన్ని పట్టుకున్నాడు. ద్వాలి గొంగడి అతని మీద కప్పి వానలో సావిడికి నడిచింది.

వీరమ్మ వాకిట్లోనే ఉంది. ఎక్కడున్నావని గాని, నేను చెప్పలేదా అని గాని అనలేదు. ముఖం చూసి, "బావా, బండి కట్టు" అని కేక వేసింది. ఫకీరా గడ్డి పరిచి, పైన తాటాకు చాప గూడులా వంచి కట్టాడు. బట్టీ దాకా తనూ వచ్చాడు. బీరన్నా అతనూ చెరో పక్క పట్టుకుని సక్రును బండిలో ఎక్కించారు.

సూర్యాపేటలో ఒక ఇంటికి పోతున్నామని అన్నకు అబద్ధం చెప్పాలని ద్వాలి దారిలో చాలాసార్లు అనుకుంది. సగం దూరం పోయాక వాన తెరిపిచ్చింది, సక్రుకు కొంచెం తెలివి వచ్చింది. చెప్పేసింది.

"దవాఖానకు పోతున్నం. నీ పేరు నిజం చెప్త."

సక్రు ఆమె ముఖంలోకి చూసి, "బండి ఆపు. నన్ను దించు" అన్నాడు.

"నిలబడు. నీ కాళ్ళ మీద నిలబడితే దించుత."

అతను బండి గూడు పట్టుకుని లేవబోయాడు. ఎడమకాలు కింద పెట్టగానే ఒక కేక వేసి గడ్డి మీద పడిపోయాడు. మళ్ళీ లేవబోయాడు. మళ్ళీ పడ్డాడు. బీరన్న ఎడ్లను ఆపి, వెనక్కి తిరగకుండా కూర్చున్నాడు. ద్వాలి కూడా అన్న చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే దించేస్తానని భయం. కొంచెంసేపటికి, "పోనియ్ తాతా" అంది.

దవాఖానలో డాక్టరు కాలు చూసి, ఇంకా ఆలస్యమైతే తొడ దాకా తీయవలసి వచ్చేదన్నాడు. రెండు వేళ్ళు, మడమ పక్కన కొంత తీసేశారు. పేరు అడిగితే ద్వాలి సక్రు అని, ఊరు అడిగితే పాలకీడు అవతల తండా అని చెప్పింది. సాయంత్రానికి పోలీసులు వచ్చి మంచం పక్క స్టూలు వేసుకున్నారు. కొట్టలేదు, తిట్టలేదు. డాక్టరు పంపించమన్నాక తీసుకుపోతామన్నారు.

వాళ్ళు తీసుకుపోయే రోజు ద్వాలి జొన్నరొట్టెలు చేసుకుని పోయింది. సక్రు తీసుకోలేదు.

"ఇల్లు అడిగితే జైలు చూపించినవ్" అన్నాడు. ఇంకేం అనలేదు. వ్యాను ఎక్కేటప్పుడు పోలీసు అతని రెక్క పట్టుకుంటే, ఆ చెయ్యి మీద ఆనుకుని ఎక్కాడు.

ద్వాలి కోదాడకు తిరిగి వచ్చి గదిలో గడియ వేసుకుంది. తిండి మానేసింది. ఫకీరా వచ్చి తలుపు బయట నిలబడి, "నువ్వు లేనప్పుడు నీ పొయ్యిల పిల్లి ఈనింది. నాలుగు పిల్లలు. నువ్వు పొయ్యి అంటించాలంటే వాటిని నాకు ఇయ్యాలె" అన్నాడు. రెండోనాడు వీరమ్మ వచ్చి తలుపు తట్టకుండా, గడప మీదే కూర్చుని మాట్లాడింది.

"నువ్వు చేసింది మంచిదే అని నేను చెప్తే నువ్వు నమ్మవు. అందుకని చెప్ప. మావాడు అరుగు మీద పడివున్నప్పుడు వాని పేరు ఒక్కరన్న పోలీసుకు చెప్పివుంటే బాగుండునని నేను రోజూ అనుకుంట. నాకు తెలిసింది గంతే. బొచ్చు వచ్చింది, చేతులు తక్కువున్నయి."

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. ద్వాలి వచ్చి పొయ్యి ముందు కూర్చుని పిల్లిపిల్లల్ని ఒక్కొక్కటిగా చాటలోకి తీసింది.

జమేదారు మళ్ళీ వచ్చాడు. దొరికినవాడి చెల్లెలు ఇక్కడే ఉందని తెలిసింది కదా. వీరమ్మ వాకిట్లో అడ్డం నిలబడి, "ఆ పిల్లే తీసుకొచ్చి అప్పచెప్పింది. గీడ ఒక్క పూట కూడ పండుకోబెట్టలేదు. కావాలంటే అడుగు" అంది. అతను ద్వాలిని అడిగాడు. ఆమె అవునంది. ఆ ఒక్కమాట చెప్పడం ఆమెకు బండిలో కూర్చోవడం కంటే కష్టమైంది. సావిడికి తాళం పడలేదు.

ఆ చలికాలం వెళ్ళేసరికి ద్వాలి కుట్టిన అంచు గొంగళ్ళను అంగట్లో వేరుగా అడిగేవాళ్ళు వచ్చారు. వీరమ్మ ఆమెకు సావిడికి రెండు వీధుల అవతల కిరాయికి ఒక గుడిసె చూసింది. బీరన్నా ఫకీరా కలిసి తాటాకు కొత్తది వేశారు. ద్వాలి గోడలు అలికి, తెల్లసుద్దతో గీతలు పెట్టింది. కానీ అక్కడ ఒంటరిగా పడుకోవడం ఆమెకు చేతకాలేదు. పక్కనుంచి ఎవరి దగ్గూ వినపడదు, గొర్రెల గంటలు వినపడవు. వారం తిరక్కముందే చాప చంకలో పెట్టుకుని సావిడికి వచ్చేసింది. వీరమ్మ చూసి, "ఆ మూలకు పండు" అంది. పొద్దున పంపించింది. అలా కొన్నాళ్ళు పగలు గుడిసెలో, రాత్రి సావిట్లో గడిచింది. తర్వాత రోజు విడిచి రోజు వచ్చేది. తర్వాత వీరమ్మే పొద్దున పోయి గుడిసెలో పిండికుండ మూత తీసి చూసి, పొయ్యిలో చెయ్యి పెట్టి వెచ్చగా ఉందో లేదో చూసి వచ్చేది. ఒకసారి పొయ్యి చల్లగా ఉంటే వాకిట్లోనే నిలబడి వీధంతా వినపడేలా తిట్టింది. ఎవరో ఒకరు తిట్టేవాళ్ళున్నారని ద్వాలికి ఆ రోజు తృప్తిగా కూడా అనిపించింది. జైలు చూపించినవన్న సక్రు మాట మాత్రం పోలేదు. రొట్టె కాల్చేటప్పుడు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు, ఏ పనీ లేనప్పుడు అది వచ్చి కూర్చునేది.

సక్రు మీద గట్టి కేసు ఏదీ లేదని మరుసటి ఏడు వదిలిపెట్టారు. అతను నేరుగా కోదాడ వచ్చాడు. ద్వాలి వాకిట్లో గొంగడి ఒళ్ళో పరుచుకుని కుడుతోంది. కుంటుతూ వచ్చి, పలకరించకుండా, గుడిసె బయట మట్టి దిమ్మె మీద కూర్చున్నాడు. ఆమె లేచి నీళ్ళు ఇచ్చింది. తాగాడు.

"ఇది నీ ఇల్లా?"

"కిరాయిది."

"తండాల మళ్ళా గుడిసెలు ఏస్తున్నరు. నేను పోతున్న. నువ్వు వస్తవా?"

ద్వాలికి గుట్టలు కళ్ళ ముందు మెదిలాయి, వేపచెట్టు కూడా మెదిలింది.

"ఇప్పుడు రాను భియా. పని గీడుంది."

సక్రు తల ఊపాడు. ఆమె లోపలికి రమ్మంది. రాలేదు. రొట్టె, మిరపకాయ కారం బయటే తిన్నాడు. ఆ పూట దిమ్మె మీదే పడుకున్నాడు. పొద్దున లేచి, గుడిసె వెనక ఒరిగిపోయిన దడిని నిలబెట్టి, కొత్త కర్రలు పాతి తీగతో కట్టాడు. పని అయ్యాక బయల్దేరుతుంటే ద్వాలి కొత్త గొంగడి ఇచ్చింది. తీసుకుని భుజాన వేసుకున్నాడు.

దవాఖాన మాట అతను ఎత్తలేదు. ఆమె కూడా అడగలేదు. ఆ తర్వాత కూడా ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు. జొన్నలు కోసిన ప్రతి ఏడూ అతను ఒక బస్తా బండి మీద వేసుకుని వచ్చేవాడు. దిమ్మె మీదే కూర్చునేవాడు. పెళ్ళయ్యాక భార్యను వెంట తెచ్చాడు. ఆమె మొహమాటం లేకుండా నేరుగా లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుంది. సక్రు వాకిట్లో కాసేపు అటూ ఇటూ చూసి, కుంటికాలు ముందు పెట్టి, తల వంచి, గడప దాటి లోపలికి వచ్చాడు. ద్వాలి అతనికి చాప వేసింది.